ఒకటిన్నర మిల్లీమీటరు ఖరీదు

చెన్నై మౌంట్ రోడ్డును ఆనుకుని ఉన్న రిచీ స్ట్రీట్‌లో ఏదైనా రిపేరు కొట్టు ముందు కాసేపు నిలబడండి. గ్లాసు పగిలినవి వస్తాయి. బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లే పైకి లేచినవి, చార్జింగ్ పిన్ వదులైనవి, నీళ్లలో పడి ఆరిపోయినవి వస్తాయి. నడుము వంగిన ఫోను మాత్రం ఎప్పుడో గాని కనబడదు. అయినా సన్నటి ఫోను ఒకటి విడుదలైందంటే చాలు, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసు క్యాంటీన్లలో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "వంగుతాదా?" అనే. యూట్యూబులో లక్షల మంది ఎగబడి చూసేది కూడా దాన్ని రెండు చేతులతో విరవబోయే వీడియోనే.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ అది పదేళ్ల నాటి భయం. సన్నదనానికి మనం కట్టే మూల్యం ఇప్పుడు వేరే పద్దుల్లో, కాస్త ఆలస్యంగా వసూలవుతోంది.

ముందు పాత కథ. 2014 సెప్టెంబరులో ఐఫోన్ 6, 6 ప్లస్ వచ్చాయి. మందం 6.9, 7.1 మి.మీ. ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగిపోతున్నాయని కొద్ది రోజుల్లోనే గోల మొదలైంది. వినియోగదారుల తరఫున వస్తువులను పరీక్షించే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్, ఫోన్ల రెండు చివరలనూ ఆనించి నడిమధ్య బరువు మోపి చూసింది. ఐఫోన్ 6 సుమారు 70 పౌండ్ల దగ్గర, అంటే 32 కిలోల దగ్గర, వంగి అలాగే ఉండిపోయింది. అంతకు ముందరి ఐఫోన్ 5 దాదాపు 130 పౌండ్ల దాకా ఓర్చుకుంది. 2018లో ఒక కోర్టు కేసులో బయటపడ్డ కంపెనీ లోపలి పత్రాలు ఇంకో సంగతి చెప్పాయి. 5ఎస్‌తో పోలిస్తే ఐఫోన్ 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్ వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని విడుదలకు ముందే ఆపిల్‌కు తెలుసు.

వంగడం కంటికి కనబడే జబ్బు. అసలు జబ్బు లోపల ముదిరింది. ఫోను జేబులో కొంచెం కొంచెం వంగి లేస్తున్నకొద్దీ లోపలి బోర్డు కూడా వంగేది. టచ్‌ను నడిపే ఐసీ (చిప్) కింద ఉండే సన్నటి టంకం చుక్కలు అలా బీటలు వారాయి. స్క్రీన్ పైభాగంలో బూడిదరంగు పట్టీ మినుకుమినుకుమనేది, తర్వాత టచ్ పనిచేయడం మానేసేది. 2016 నాటికి ఇది ఎంత పెరిగిందంటే 6 ప్లస్‌ను 149 డాలర్లకు బాగుచేస్తామని ఆపిల్ ప్రత్యేకంగా ఒక పథకమే పెట్టాల్సి వచ్చింది. కొన్నవాడికి తన ఫోను వంగిందనే తెలియదు. చూడ్డానికి నిటారుగానే ఉంటుంది.

ఇందులో తేలిగ్గా జారిపోయే విషయం ఒకటుంది. మరుసటి ఏడాది వచ్చిన 6ఎస్ మందం 7.1 మి.మీ. ఐఫోన్ 6 కన్నా పెరిగింది 0.2 మి.మీ. మాత్రమే. కానీ పెట్టెకు వాడిన అల్యూమినియం మారింది, 7000 సిరీస్ అనే గట్టి మిశ్రమానికి వెళ్లారు. వాల్యూమ్ బటన్ల దగ్గర బలహీనంగా ఉన్న చోట్లను బలపరిచారు. వంగడం గురించిన గోల దాదాపు అక్కడితో చల్లారింది. అంటే తప్పంతా మందానిదే కాదు. ఏ లోహం, ఎక్కడ కోత పెట్టారు, వంగే చోట ఏ భాగం కూర్చుంది, ఇవన్నీ కలిసి తేల్చే లెక్క అది.

ఆ లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి మంచి జంట ఒకటి దొరికింది. 2025లో శామ్‌సంగ్ ఒకే 6.7 అంగుళాల స్క్రీన్‌తో రెండు ఫోన్లు అమ్మింది. గెలాక్సీ ఎస్25 ప్లస్ మందం 7.3 మి.మీ., బరువు 190 గ్రాములు, బ్యాటరీ 4,900 ఎంఏహెచ్. ఎస్25 ఎడ్జ్ మందం 5.8 మి.మీ., బరువు 163 గ్రాములు, బ్యాటరీ 3,900 ఎంఏహెచ్. మన దేశంలో విడుదల ధర మొదటిదానికి 99,999 రూపాయలు, రెండోదానికి 1,09,999. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. దానికి పదివేలు ఎక్కువ పోసి, బ్యాటరీలో వెయ్యి, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే టెలిఫోటో కెమెరా వదులుకుంటున్నాం.

వంగుడు సంగతి. బడిపిల్లల చెక్క స్కేలును పడుకోబెట్టి రెండు చివరలూ పట్టుకుని వంచితే తేలిగ్గా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి వంచబోతే మన వేళ్లే నొప్పి పెడతాయి. చెక్క మారలేదు, వంచే దిశలో దాని మందం మారింది. పలక వంగకుండా నిలిచే శక్తి మందానికి ఘనంలో పెరుగుతుంది, ఘనంలోనే తరుగుతుంది. మందం సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 7.3ను 5.8 చేస్తే మందంలో పోయింది 20 శాతమే, వంగకుండా నిలిచే శక్తిలో పోయింది దాదాపు సగం.

ఆ సగాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే ఎడ్జ్ చట్రానికి టైటానియం వాడారు. అల్యూమినియం బిగువు సుమారు 70 గిగాపాస్కల్స్ అయితే టైటానియం మిశ్రమానిది 110కి పైన. అంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. నిజం ఫోను ఒకే లోహపు దిమ్మె కాదు, గాజు, బ్యాటరీ, జిగురు, బోర్డు అన్నీ తలా కొంత బలాన్ని మోస్తాయి కాబట్టి ఈ గుణింతాన్ని అక్షరాలా పట్టుకోకూడదు. దిశ మాత్రం ఇదే. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ ఎయిర్ కూడా 5.64 మి.మీ. మందంలో టైటానియం చట్రంతోనే వచ్చింది. 6 ప్లస్ పాఠం దాంట్లో స్పష్టంగా కనబడుతుంది. బోర్డును పైన కెమెరా ఉన్న ఎత్తు దిమ్మెలోకి జరిపేశారు. వంపు ఎక్కువగా పడే నడిభాగమంతా బ్యాటరీకి వదిలేశారు. వంచి చూసే యూట్యూబర్లు బలమంతా పెట్టినా అది విల్లులా వంగి మళ్లీ సర్దుకుంది గాని చేతులకు విరగలేదు.

(ఆ దిమ్మె మందం 5.64లో కలపరు. కంపెనీలు చెప్పే మందం ఎప్పుడూ ఫోను ఎక్కడ సన్నగా ఉంటే అక్కడి కొలతే. బల్ల మీద పెడితే ఊగే ఫోను ఎంత సన్నదో మీరే కొలుచుకోండి.)

బరువు తగ్గితే పడినప్పుడు మేలే

సన్నదనం మీద కేకలేసేవాళ్లు మరిచిపోయే విషయం, తేలికైన ఫోను కింద పడితే దెబ్బ తక్కువ. మీటరు ఎత్తు నుంచి పడినప్పుడు ఎస్25 ప్లస్ నేలకు మోసుకెళ్లే శక్తి 1.86 జౌల్స్, ఎడ్జ్‌ది 1.6. అంటే 14 శాతం తక్కువ. 230 గ్రాములు దాటిన పెద్ద ఫోన్లతో పోలిస్తే తేడా ఇంకా పెద్దది.

పడే అవకాశమే తగ్గడం ఇంకో లాభం. నెల్లూరులో ఉన్న మా బాబాయి ఫోను చొక్కా జేబులోనే ఉంటుంది. "అబ్బయా, తేలిగ్గా ఉండేది చూడు, కుళాయి తిప్పను వంగితే జారి పడతా ఉంది" అని ప్రతిసారీ అంటాడు. ఇది ఏ ప్రయోగశాలలోనూ లేని పరీక్ష. చొక్కా జేబును కిందికి లాగే 230 గ్రాముల ఫోను, వంగినప్పుడు ముందుగా జారేది అదే. చీర కట్టుకునేవాళ్లకైతే ఆ జేబు కూడా లేదు, ఫోను రోజంతా చేతిలోనే. వాళ్లకు బరువు, పట్టు ముఖ్యం. అందుకే "మందంగా ఉంటేనే మన్నుతుంది" అనే మాటను నేను ఒప్పుకోను.

దానికి ఋజువుగా అందరూ నోకియాను తెస్తారు. నోకియా 3310 మందం 22 మి.మీ. నిజమే, కానీ బరువు 133 గ్రాములే. 1100 అయితే 86 గ్రాములు. తేలికైన ప్లాస్టిక్ ఒళ్లు, అరచేతిలో మూలకు పట్టే స్క్రీను, దాని మీద గాజు కూడా కాదు ప్లాస్టిక్ కిటికీ. నేల మీద పడగానే మూత ఒక దిక్కు, బ్యాటరీ ఒక దిక్కు ఎగిరిపోయేవి. దెబ్బలో కొంత ఆ ఎగరడంలోనే ఖర్చయిపోయేది. ఏరుకొచ్చి బిగించి స్విచ్ నొక్కితే స్క్రీను మీద నోకియా చేతులు మళ్లీ కలిసేవి. ఆ ఫోన్ల గట్టిదనం మందంలో కన్నా గాజు లేకపోవడంలో ఉంది.

ఇప్పుడు ముందు గాజు, చాలా వాటిలో వెనకా గాజే. వెనక లోహం ఉంటే వైర్‌లెస్ చార్జింగ్ పనిచేయదు కాబట్టి గాజో ప్లాస్టికో ఉండాల్సిందే. ప్లాస్టిక్ అంటే చవకరకం అని మనమే తేల్చేశాం గనుక గాజు వచ్చింది. గాజును గట్టిపరిచే పద్ధతి నిజంగా తెలివైనది. దాన్ని సుమారు 400 డిగ్రీల కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర ఎప్పుడూ ఒత్తిడిలో బిగిసి ఉంటుంది, పగులు నోరు తెరవడానికి ముందు ఆ బిగువును దాటాలి. చిన్న గీతలు ఆ పొరను దాటి లోపలికి దిగితే ఈ రక్షణ పోతుంది. జేబులో తాళాల గుత్తి వల్ల సాధారణంగా భయం లేదు, ఉక్కు కన్నా గాజే గట్టిది. ఇసుకతోనే భయం. ఇసుకలోని క్వార్ట్జ్ గాజు కన్నా గట్టిది. బెసెంట్ నగర్ బీచిలో కూర్చుని వచ్చి అదే జేబులో ఫోను పెట్టుకుంటే సన్నటి గీతలు పడతాయి. ఫోను తర్వాతిసారి కింద పడినప్పుడు ఆ గీతల దగ్గరే పగులు మొదలవుతుంది. ఇందులో ఫోను మందానికి ఏ సంబంధమూ లేదు.

ఇక పౌచ్. లక్ష పోసి 5.8 మి.మీ. ఫోను కొని, మూడు వందల రూపాయల పౌచ్ తొడిగి దాన్ని మళ్లీ ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లకు తెచ్చుకునే అలవాటు మనకుంది. నవ్వు వస్తుంది గాని అది తెలివితక్కువ పనేం కాదు. మెత్తటి పౌచ్ దెబ్బ తగిలే క్షణాన్ని సాగదీస్తుంది, మూలలకు కండ ఇస్తుంది. అదే 190 గ్రాముల ఫోనుకు తొడిగితే బరువు 220 దాటుతుంది. తేలిక ఫోనుకు తొడిగితే 190 దగ్గర ఆగుతుంది.

నెమ్మదిగా వచ్చే బిల్లు

అసలు చిక్కు బ్యాటరీది. ఎండల ఊళ్లో అది ఇంకా పెద్దది.

రోజుకు 3,500 ఎంఏహెచ్ వాడే మనిషిని తీసుకుందాం. బ్యాటరీ ఒకసారి పూర్తిగా నిండి ఖాళీ అయితే ఒక సైకిల్. 4,900 బ్యాటరీలో అది రోజుకు 0.71 సైకిల్, 3,900లో 0.9. బ్యాటరీ 800 సైకిళ్లకు 80 శాతానికి దిగుతుందనుకుంటే, మొదటి ఫోను ఆ గీత దగ్గరికి చేరడానికి మూడేళ్ల పైన పడుతుంది, రెండోది రెండేళ్ల అయిదు నెలలకే చేరుతుంది. అక్కడ కూడా కష్టం సమానం కాదు. 4,900లో 80 శాతం అంటే ఇంకా 3,920 మిగిలి ఉంటుంది, కొత్త ఎడ్జ్ అంత. 3,900లో 80 శాతం అంటే 3,120. సాయంత్రం తాంబరం రైలెక్కేసరికి ఎర్ర గీత కనబడుతుంది. సన్నటి ఫోను విరగదు, ముందుగా అలిసిపోతుంది.

దానికి వేడి తోడు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఆపిలే చెబుతుంది. మే నెల అగ్ని నక్షత్రం రోజుల్లో చెన్నై మధ్యాహ్నం 40 తాకుతుంది. బైకు హ్యాండిల్‌కు ఫోను తగిలించుకుని ఎండలో మ్యాప్ చూస్తూ తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోను పరిస్థితి చెప్పక్కర్లేదు. ఫోను పలచబడితే చిప్ వేడిని పంచుకోవడానికి లోపల చోటు తగ్గుతుంది. పైగా బలం కోసం తెచ్చిన టైటానియం వేడిని సరిగా మోయదు, అల్యూమినియం మోసేదాంట్లో దాదాపు ఇరవయ్యో వంతే మోస్తుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కుంటోంది. ఐఫోన్ 15 ప్రో, 16 ప్రోలకు టైటానియం వాడిన ఆపిల్ 17 ప్రోకు వచ్చేసరికి వేడి కోసమే మళ్లీ అల్యూమినియానికి వెళ్లింది. పని ఎక్కువ చేసే ఫోనుకు అల్యూమినియం, సన్నటి ఫోనుకు టైటానియం అని ఒకే ఏడాది ఒకే కంపెనీ రెండు దారులు పట్టింది.

(హ్యాండిల్ మాట వచ్చింది గనుక: పెద్ద ఇంజిన్ బైకుల కంపనం వల్ల కెమెరాలోని వణుకు ఆపే విభాగం పాడవుతుందని 2021లో ఆపిల్ హెచ్చరించింది. అదురును మింగే మౌంట్ వాడమంది. ఫోను సన్నదైనా లావైనా ఇది ఒకటే.)

ఇందులోంచి బయటపడే దారి చైనా కంపెనీలు చూపిస్తున్నాయి. బ్యాటరీ ఆనోడ్‌లో (రుణధ్రువంలో) గ్రాఫైటు మాత్రమే కాకుండా సిలికాన్ కలిపితే అదే చోటులో ఎక్కువ శక్తి పడుతుంది. 2025లో మన దేశంలో అమ్మిన ఐక్యూ జెడ్10లో 7.89 మి.మీ. మందంలో 7,300 ఎంఏహెచ్ పట్టింది. పదేళ్ల కిందట 4.75 మి.మీ. వివో ఎక్స్5 మ్యాక్స్‌లో పట్టింది 2,000. సిలికాన్‌కు ఉన్న రోగం, చార్జ్ అయ్యేటప్పుడు మూడింతల దాకా ఉబ్బడం. కార్బన్‌తో కలిపి దాన్ని అదుపులో పెడుతున్నారు. శామ్‌సంగ్, ఆపిల్ ఇంకా దీని జోలికి రాకుండా సన్నటి ఫోన్లు తేవడమే నాకు తొందరపాటుగా కనిపిస్తుంది. ముందు బ్యాటరీ, తర్వాత నడుము సన్నం అన్న వరస అయితే బాగుండేది.

బ్యాటరీ అరిగితే మార్చుకోవచ్చు గదా అంటే, అక్కడ జిగురు ఎదురవుతుంది. మూత ఊడదీసే కాలంలో మూతకు గోడలు, కొక్కేలు, బ్యాటరీకి గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉండేవి. అవన్నీ మందమే. వాటిని తీసేసి పలచటి పొట్లంలాంటి బ్యాటరీని లోపల అతికించేశారు, వెనక గాజునూ అతికించేశారు. మార్చాలంటే ఫోనును వేడి చేయాలి, గాజు పగలకుండా లేపాలి, బ్యాటరీ వంగకుండా పీకాలి. గ్లాసు పగిలినా అంతే. పై గాజు, టచ్ పొర, బొమ్మ చూపే అమోలెడ్ ప్యానెల్ మూడూ జిగురుతో ఒకటైపోయాయి. "గ్లాసు ఒకటే రాదు సార్, కాంబో మార్చాల" అని కొట్టువాడు చెప్పేది అందుకే. యంత్రం ఉన్నవాళ్లు గాజును విడదీస్తారు, కానీ కింది ప్యానెల్ పోతే బాధ్యత మాది కాదని ముందే అనేస్తారు.

ఇక్కడ కూడా సన్నదనాన్నే దోషిని చేయలేం. ఐఫోన్ 16 నుంచి వాడుతున్న ఒక జిగురు, చిన్న బ్యాటరీతో కరెంటు పంపితే నిమిషంన్నరలో పట్టు వదిలేస్తుంది. ఫోన్లు విప్పి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ ఐఫోన్ ఎయిర్‌కు పదికి 7 ఇచ్చింది. భాగాలు ఒకదాని మీద ఒకటి పేర్చే చోటు లేక పక్కపక్కన పరవాల్సి రావడంతో బ్యాటరీ చేతికి తేలిగ్గా అందుతోంది. దానికన్నా లావైన ఎన్నో ఫోన్లకు ఆ మార్కులు రావు.

పెట్టె మీద రాతలు

ఐపీ68 అంటే మీటరుకు మించిన లోతులో, కంపెనీ చెప్పినంత సేపు, మంచినీళ్లలో, కొత్త ఫోను తట్టుకుంటుందని. సముద్రపు ఉప్పు, సబ్బు నీళ్లు, వరద బురద అందులో లేవు. నీటిని ఆపేది కూడా జిగురే, అది వయసుతో, వేడితో సడలుతుంది. ఒకసారి ఫోను విప్పించి జిగురు పట్టీ కొత్తది వేయించకపోతే ఐపీ68 పోయినట్టే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్లు వేళచ్చేరి, పళ్లిక్కరణై ఇళ్లలోకి వచ్చినట్టు ఇంకోసారి వస్తే, రెండేళ్ల పాత ఫోనును దాని పెట్టె మీది అంకెను నమ్మి నీళ్లలో దింపకండి. చాలా కంపెనీల వారంటీ నీటి దెబ్బను ఎలాగూ ఒప్పుకోదు.

మిలిటరీ గ్రేడ్ అన్న ముద్రను అసలు పట్టించుకోనక్కర్లేదు. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం పరీక్షా పద్ధతుల సంపుటి. అందులో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, తనే చేసుకోవచ్చు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థంటూ లేదు. నాలుగడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేసే పరీక్షలో కాంక్రీటు మీద ప్లైవుడ్ పరుస్తారు, ఆ 26 పాట్లను అయిదు ఫోన్ల దాకా పంచుకోవచ్చు. మన రోడ్డు మీద ప్లైవుడ్ ఎవరూ పరవరు.

పనికొచ్చే అంకెలు ఐరోపాలో దొరుకుతున్నాయి. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి తెచ్చే, మడత ఫోను కాని ప్రతి స్మార్ట్‌ఫోనూ పౌచ్ లేకుండా కనీసం 45 సార్లు కింద పడినా తట్టుకోవాలి, బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలవాలి, మోడల్ అమ్మకం ఆపేశాక ఏడేళ్ల దాకా విడిభాగాలు దొరకాలి. ఫోను మీద లేబులు కూడా ఉంటుంది. ఎన్ని పాట్లు తట్టుకుంటుందో చెప్పే గ్రేడు అందులో ఉంటుంది, 270 తట్టుకుంటే అన్నిటికన్నా పై గ్రేడు (A). ఎన్ని సైకిళ్లు, బాగుచేయడం ఎంత తేలిక అన్నవీ అందులోనే. మన కేంద్ర వినియోగదారుల శాఖ వేసిన కమిటీ 2025లో రిపేరబిలిటీ సూచీ గురించి నివేదిక ఇచ్చింది. అది విడిభాగాలు, విప్పడంలో తేలిక, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల చుట్టూ తిరుగుతుంది. ఎన్ని పాట్లు పడితే నిలుస్తుందన్నది అందులో భాగం కాదు.

ఈలోపు ఆ లేబులు చూడటానికి ఐరోపాలో ఉండక్కర్లేదు. ఎప్రెల్ (EPREL) అనే వాళ్ల ప్రభుత్వ డేటాబేస్ అందరికీ తెరిచే ఉంది. మీరు కొనబోయే మోడల్ పేరు కొడితే పాట్ల గ్రేడు, బ్యాటరీ సైకిళ్లు, రిపేరు గ్రేడు వస్తాయి. రెండు జాగ్రత్తలు: అదే పేరుతో ఇక్కడ అమ్మే ఫోనులో బ్యాటరీ వేరే సైజుది ఉండొచ్చు, కాబట్టి ఎంఏహెచ్ సరిచూసుకోండి. ఐరోపాలో అమ్మని మోడళ్లు, ముఖ్యంగా ఇరవై వేల లోపువి చాలా, అందులో కనబడవు. వాటికి మిగిలిన దారి, కొనే ముందే సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసి బ్యాటరీ ఎంత, డిస్‌ప్లే ఎంత అని ధరలు అడిగి పెట్టుకోవడం.